పశుగణనలో లేని పిల్లి

మా కాటుక చేప తలకాయలు ముట్టుకోవడం లేదని ముందు కనిపెట్టింది నేను కాదు. రోజూ పొద్దున్నే గంపెత్తుకుని మా వీధిలోకి వచ్చే చేపలావిడ. "ఆయ్, మీ పిల్లి వాసన చూసి వదిలేత్తందండి. నీళ్లు మట్టుకు తెగ తాగేత్తంది, కుళాయి కాడ కూకుని" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. పిల్లి పడుకునేది నా మంచం మీద. నీళ్ల గిన్నె నింపేది నేను. నేను చూడనిది ఆవిడ చూసింది.

కాటుకకి పదహారేళ్లు. ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ మాత్రం ఎవరో దిద్దినట్టు నల్లటి గీత. అమలాపురంలో మాది పెరుగన్నం ఇల్లు. ఇన్నేళ్లూ అది మా వంటింట్లో పెరుగన్నం తిని, పెరటి గుమ్మం దాటి వెళ్లి చేపలావిడ గట్టు మీద వేసే తలకాయలు కూడా తినొచ్చేది. బయట ముట్టుకున్నదంతా అది మూతి తుడుచుకుని మరీ ఇంట్లోకి వస్తోందని మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నమ్మారు. టారిన్ అనే పదార్థం తిండిలో అందకపోతే పిల్లికి చూపు పోతుందని శాస్త్రజ్ఞులు 1975లో చెప్పారు. గుండె కూడా దెబ్బతింటుందని 1987లో తేలింది. అది మాంసంలో, చేపల్లో దొరుకుతుంది. అన్నంలో లేదు. పాలూ పెరుగుల్లో ఉన్నది పిల్లికి ఏ మూలకీ చాలదు. అంటే మా పిల్లి కళ్లనీ గుండెనీ పదహారేళ్లు కాపాడింది మా మడి వంటిల్లు కాదు, మేం గుమ్మం లోపలికి రానివ్వని గంప.

ఆ తలకాయలే ముట్టుకోవడం లేదంటే కంగారు పడాల్సిందే. పిల్లి రెండు మూడు రోజులు వరసగా తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వు పోయి కాలేయంలో చేరి, అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఏకాదశి ఉపవాసాలు పిల్లికి పనికిరావు. ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చిక్కంతా అక్కడే.

మూడేళ్ల కిందట పంటి నొప్పికని ఒకసారి తీసుకెళ్లాను. కోళ్ల గంపలో పెట్టి, పైన పాత చీర కట్టి, ఆటోలో. ఏ ఆసుపత్రో చెప్పను, ఏదైనా అంతే అయ్యుండేది. వాకిట్లో ఇనప గొట్టాల చట్రంలో ఒక గేదెని నిలబెట్టి కట్టారు. ట్రెవిస్ అంటారు దాన్ని. పక్కన గొలుసుతో ఒక కుక్క. ఫినాయిలు వాసన. చీర ముడి విప్పగానే అటెండరు దాన్ని మెడ వెనక తోలు పట్టి ఎత్తి గోనెసంచిలోకి దించబోయాడు. అది నా చెయ్యి ఎముక దాకా కొరికి, తడుపుకుని, పైకప్పు దూలం మీదికి ఎక్కేసింది. రెండు గంటల తర్వాత దిగింది. పన్ను ఎవరూ చూడనే లేదు. డాక్టరుగారు చెడ్డవాడు కాదు. గేదె ఎన్నో నెలో చేత్తో తడిమి చెప్పగలిగిన మనిషి. పిల్లినెలా పట్టుకోవాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు, అంతే. మర్నాడు నేను రేబిస్ సూది కోసం కుక్క కరిచినవాళ్ల వరసలో నిలబడ్డాను.

అప్పట్నించీ అటక మీద గంప కదిలిన చప్పుడైతే చాలు, కాటుక బీరువా వెనక్కి దూరిపోతుంది. "పిరికి పిల్లి" అన్నారు ఇంటికొచ్చినవాళ్లంతా. చిన్నప్పుడు మనమంతా నవ్విన కథ గుర్తొచ్చింది. రాయలవారు ఎలకల బాధకి ఇంటింటికీ పిల్లినీ, దాని పాలకి ఆవునీ ఇస్తే, తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి మొదటిరోజే మరిగే పాలు పెట్టాడు. ఆ తర్వాత అది పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. ఆవు పాలు ఆయనే తాగాడు. తెలివంటే అదని మనకి నేర్పారు. కాలిన నాలుక సంగతి ఏ పాఠంలోనూ అడగలేదు.

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పిరికితనం అనే మాట ఎక్కడ విన్నా, అవతలివైపు ఏం జరిగిందో చూడాలనిపిస్తుంది. ఆ రెండు రాత్రులూ కాటుక పక్కన కూర్చుని, అసలు మన పశువుల ఆసుపత్రి ఎవరి కోసం పుట్టిందో వెతుక్కున్నాను.

1871లో రెండు సంగతులు జరిగాయి. ఆ జులైలో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వెయిర్ అనే చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన పెట్టాడు. వీధిలో రాళ్లేసి కొట్టే జంతువుని జనం టిక్కెట్టు కొని చూసి మురిసిపోయారు. అదే ఏడాది ఇక్కడ హాలెన్ అధ్యక్షతన వేసిన కమిషన్ భారతదేశంలో పశువుల తెగుళ్ల మీద నివేదిక ఇచ్చింది. ఆ నివేదికకి కారణం రిండర్‌పెస్ట్. ఎద్దు చస్తే దుక్కి లేదు, దుక్కి లేకపోతే శిస్తు లేదు. బండి కదలదు, సైన్యానికి సామాను అందదు. మన పశువైద్యం ఆ భయంలోంచి పుట్టింది. ప్రభుత్వానికీ భయమే మొదలు, చూడండి. 1889లో పూనాలో పెట్టిన ప్రయోగశాలని 1893లో ముక్తేశ్వర్‌కి మార్చారు. 1903లో మద్రాసులో వెటర్నరీ కాలేజీ వచ్చింది. అప్పటి మన గోదావరి జిల్లా ఆ రాజధానిలోదే. తర్వాత 1955లో తిరుపతి కాలేజీ, 1998లో గన్నవరం కాలేజీ. కోనసీమ వాళ్లు పొంగిపోనక్కర్లేదు. ఆ ముక్తేశ్వర్ కుమావూఁ కొండల్లోది, కోటిపల్లి రేవుకి ఎదురుగా ఉన్న మన ముక్తేశ్వరం కాదు. ఆ గన్నవరం కృష్ణా జిల్లాది, మన పి.గన్నవరం కాదు.

ఆ వైద్యం గొప్పదే. రిండర్‌పెస్ట్ మన దేశంలో చివరిసారి 1995లో కనిపించింది. 2011లో ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనుషులు పూర్తిగా తుడిచేసిన రోగం అదొక్కటే. గేదె చట్రాన్ని చూసి నేను మొహం చిట్లించాను కానీ, ఆ చట్రం వెనక ఇంత ఉంది. కాకపోతే ఆ వాకిలి కొలతలన్నీ గేదెవి. అందులో పిల్లికి చోటు మర్చిపోయారనడం కూడా తప్పే. మర్చిపోవాలంటే ముందు గుర్తుండాలి.

1919-20లో మొదలైన పశుగణన మనకి అయిదేళ్లకోసారి జరుగుతుంది. 2019లో ఇరవయ్యోది. ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, పందులు, గుర్రాలు, గాడిదలు, ఒంటెలు, కోళ్లు సరే. కుక్కల్ని లెక్కపెట్టారు. కుందేళ్లని లెక్కపెట్టారు. ఏనుగుల్నీ లెక్కపెట్టారు. పిల్లి లేదు. 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ఇరవయ్యొకటో గణనలోనూ లేదు.

పిల్లి పని చెయ్యదా? మా అమ్మమ్మగారింట్లో ధాన్యం గాదె కింద, కొబ్బరికాయల రాశి వెనక రాత్రంతా కాపలా కాసింది ఏది? కోనసీమలో ఎలకలు నేల మీదే ఉండవు, కొబ్బరిచెట్టెక్కి లేతకాయలు తొలిచేస్తాయి. ఒక్క పిల్లి లేని ఇంట్లో సంవత్సరం గ్రాసం ఏమవుతుందో ఆడవాళ్లకి తెలుసు. ఎద్దుని మగవాడు సంతలో కొంటాడు, బేరం ఉంటుంది, రశీదు ఉంటుంది. పిల్లి వంటింటిది. కొన్నవాళ్లు లేరు, అమ్మినవాళ్లు లేరు. ధర లేనిదానికి గడి ఉండదు. ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్లని జనాభా లెక్కల్లో పనిచెయ్యనివాళ్ల కింద రాసుకున్న చేతులకి పిల్లి కనపడకపోవడం వింతేం కాదు. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని పడగొట్టినప్పుడు నష్టాలు రాసుకోవడానికి వచ్చినవాళ్లు అమ్మమ్మని పాడిగేదె గురించీ కోళ్ల గురించీ అడిగారు. ఆవిడ పిల్లి గురించి చెప్పబోతే నవ్వారు. అది గోడ కింద పడిపోయింది, పిల్లలతో సహా.

ఇది చదివిన ఒక మిత్రురాలు, ఆడవాళ్లని పిల్లులతో పోలుస్తున్నావేమిటని కోప్పడింది. పోల్చడం లేదు. ఒకే వంటింట్లో ఉన్నవాళ్లని ఒకే కళ్లు ఎలా దాటేశాయో చెబుతున్నాను.

మెడతోలు పట్టుకోవడం గురించి కూడా ఒక మాట. ఆ అటెండరుకి అది ఎవరూ నేర్పలేదనడం సరికాదేమో, వైష్ణవ సిద్ధాంతమే ఉంది దాని మీద. తెంగలై వాళ్లది మార్జాల న్యాయం. తల్లిపిల్లి కూనని నోట కరుచుకుని మోసుకెళ్తుంది, కూన చెయ్యాల్సిందేమీ లేదు, భగవంతుడి దగ్గర జీవుడూ అలాగే ఉండాలి అంటారు. వడగలై వాళ్లది మర్కట న్యాయం, కోతిపిల్ల తల్లిని తనే పట్టుకోవాలి. చిన్నప్పుడు హరికథల్లో విని ఎంత బావుందో అనుకున్నాను. కానీ అది కూన సంగతి. ఎదిగిన పిల్లిని మెడ పట్టి లేపితే అది కదలకుండా ఉండేది శరణాగతితో కాదు, భయంతో బిగుసుకుపోయి. అమెరికాలోనూ అంతర్జాతీయంగానూ ఉన్న పిల్లివైద్యుల సంఘాలు కలిసి 2011లో పిల్లిని ఎలా ముట్టుకోవాలో మార్గదర్శకాలు రాశాయి. 2022లో వాటిని తిరగరాసి, మెడతోలు పట్టడం వద్దే వద్దన్నాయి. భయపడ్డ పిల్లి రక్తంలో చక్కెర ఎంత పెరిగిపోతుందంటే, లేని మధుమేహం ఉన్నట్టు కనిపించవచ్చు. అంటే భయపెట్టి చేసిన పరీక్ష అబద్ధం చెబుతుంది. ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించాను.

ఈ జ్ఞానం ఎవరు కూడబెట్టారు అని చూస్తే ఎక్కువగా ఆడవాళ్ల పేర్లే తగులుతున్నాయి. అదేమీ స్త్రీ సహజమైన దయవల్ల కాదు. గుర్రాలూ పశువులూ మగ డాక్టర్ల చేతుల్లో ఉన్నాయి, మిగిలినవి వీళ్లకి వదిలారు. బ్రిటన్‌లో ఎలీన్ కస్ట్ 1900 నాటికే పశువైద్యం చదువు పూర్తిచేసింది. స్త్రీ అని పట్టా ఇవ్వలేదు. 1919లో చట్టం మారాక, 1922లో ఇచ్చారు. అక్కడి రాయల్ కాలేజీలో 1950లో ఫెలో అయిన మొదటి స్త్రీ జోన్ జాషువా, 1965లో పిల్లుల జబ్బుల మీద పుస్తకం రాసింది. అమెరికాలో జీన్ హోల్జ్‌వర్త్ లాటిన్‌లో డాక్టరేటు చేసి, పాఠాలు చెప్పి, ఆ తర్వాత పశువైద్యం చదివి, బోస్టన్‌లోని ఏంజెల్ మెమోరియల్ ఆసుపత్రిలో పిల్లులకే జీవితం ఇచ్చింది. 1987లో ఆమె సంపాదకత్వంలో వచ్చిన గ్రంథం ఇటుకంత ఉంటుంది. మన దేశంలో మొదటి మహిళా పశువైద్యురాలిగా చెప్పుకునే సక్కుబాయి రామచంద్రన్ మద్రాసు కాలేజీ నుంచి పట్టా తీసుకున్నది 1952లో. కాలేజీ పెట్టిన దాదాపు యాభై ఏళ్లకి. అదే ఏడాది రాజ్యసభలోకి వెళ్లిన రుక్మిణీదేవి అరండేల్ జంతుహింస మీద ప్రైవేటు బిల్లు పెట్టింది. దానికి ప్రతిగా ప్రభుత్వం తెచ్చిన 1960 చట్టంలో జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా అని నిర్వచనం ఉంది. పిల్లి ప్రభుత్వ కాగితంలోకి పేరు లేకుండానైనా వచ్చింది అలా.

నాకు ఈ పేర్లన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చింది మాత్రం మా అమ్మమ్మ.

ఆవిడకి ముట్లుడిగాక నెత్తురు కనపడింది. ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. చివరికి గుడ్డలు ఉతికే మనిషి కనిపెట్టింది. (మా ఇంట్లో ఏ రోగాన్నయినా ముందు కనిపెట్టేది గుమ్మం బయట ఉన్నవాళ్లే.) ముక్తేశ్వరం రేవులో పడవెక్కించి, గౌతమి దాటించి, కోటిపల్లి నుంచి బండి కట్టి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎదుర్లంక దగ్గర యానానికి వారధి పడింది 2002లో, అప్పటిదాకా అవతలొడ్డు ఆసుపత్రి అంటే పడవే. ఆసుపత్రిలో నలుగురు కుర్ర డాక్టర్లు చుట్టూ నిలబడి ఉండగా పరీక్ష చేశారు. ఆవిడ బల్ల దిగి, చీర సర్దుకుని, బయటికొచ్చి కూర్చుంది. మళ్లీ వెళ్లలేదు. "ఆ వాసనకే నా ప్రాణం పోతుందే" అనేది. ఇంట్లో అందరూ మొండితనం అన్నారు. నేనూ అన్నాను. చదువుకున్నదాన్ని కదా, గట్టిగానే అన్నాను. తుపాను వెళ్లిన మరుసటేడు పోయింది.

నేను కాలేజీలో ఏటా చెప్పిన పాఠంలోనే ఆవిడకి జవాబుంది. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ ఆసుపత్రి భవనం కట్టింది 1898లో. అంతకు ముందు రోగుల ఇళ్లకి వెళ్లి కూడా చూసేది. 1885లో మద్రాసులో మేరీ షార్లీబ్ చొరవతో కులస్త్రీలకీ ఘోషా స్త్రీలకీ వేరే ఆసుపత్రి తెరిచారు. విశాఖలో ఇప్పటికీ జనం నోట్లో ఉన్న మాట ఘోషాసుపత్రి. అదే ఏడాది పెట్టిన డఫరిన్ ఫండ్ వెనక సామ్రాజ్యం ప్రతిష్ఠ ఉంది. కులస్త్రీలకని పేరులోనే రాసుకున్న ఆసుపత్రి ఎవరిని బయట నిలబెట్టిందో కూడా చెప్పాలి. నేను ఇవన్నీ క్లాసులో విమర్శించాను, విమర్శించాల్సిందే. కానీ ఒక్కటి నాకు అప్పుడు తట్టలేదు. పరాయి మగవాడు ముట్టుకుంటే చస్తానన్న మనిషిని పిరికిది అనకుండా, గోడలు ఎక్కడ కట్టాలి, తలుపు ఎటు పెట్టాలి, ఎవరు ముట్టుకోవాలి అని వాళ్లు ఆలోచించారు. ఆసుపత్రి రోగి భయాన్ని కొలతలు తీసుకుని కట్టారు. అది నూటనలభై ఏళ్ల కిందటే చేతనైన పని. మా అమ్మమ్మ దాకా రాలేదు.

రెండో రోజు పొద్దున పక్కింటావిడ పారాసిటమాల్ సగం ముక్క పాలల్లో కలిపి పెట్టమంది. ప్రేమతోనే. మనుషులకి జ్వరం తగ్గించే ఆ మాత్ర పిల్లి కాలేయం విడగొట్టుకోలేదు. ఒక్క బిళ్ల ప్రాణం తీస్తుంది. ఈ మాట ఇక్కడ రాయడానికే ఈ వ్యాసం రాశాననుకున్నా ఫర్వాలేదు.

నేను గంప దించలేదు. ఫోన్లు చేశాను. ఇళ్లకి వచ్చే బండి ఏదైనా ఉందా అని ముందు అడిగాను. 2022 మేలో నియోజకవర్గానికొక సంచార పశువైద్య వాహనం పెట్టినప్పుడు మా వీధి చివర్న చూశాను, పశువుని పైకెత్తే యంత్రం కూడా ఉంది అందులో. ఫోనులో అబ్బాయి "గేదా, ఆవా అండి?" అన్నాడు. పిల్లి అన్నాను. కాసేపు మాట్లాడలేదు. చివరికి ఒక పాత విద్యార్థిని ద్వారా గన్నవరంలో చదివిన ఒక అమ్మాయి దొరికింది, వారానికోసారి ఇటువైపు వస్తుందట. ఇంటికొస్తావా అమ్మా అంటే, ఇంటికే వస్తానండి, గంప తియ్యకండి అంది. కాటుక ఎంత బరువుంది, నీళ్లు ఎంత తాగుతోంది అని అడిగి, మనుషులకి నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ కొద్దిగా, తను వచ్చే రెండు గంటల ముందు చేపపులుసులాంటి దాంట్లో కలిపి పెట్టమంది. మూత్రపిండాల జబ్బు ఉన్నట్టనిపిస్తోంది, అందుకని మోతాదు తగ్గిస్తున్నా, మీ అంతట మీరు ఎప్పుడూ వెయ్యకండి అని రెండుసార్లు చెప్పింది. మా ఇంట్లో చేపపులుసు ఎక్కణ్నించి వస్తుంది? చేపలావిడ తన ఇంట్లో ఉప్పూకారం లేకుండా ఉడికించి గ్లాసులో తెచ్చింది. మొదటిసారి గుమ్మం లోపలికి వచ్చి, తనే గిన్నెలో పోసింది. కాటుక నాలుగు గుక్కలు తాగింది.

డాక్టరమ్మ వచ్చి నేల మీద కూర్చుంది. పిల్లి వైపు చూడలేదు. కాఫీ తాగింది, కొబ్బరి రేటు అడిగింది, మా వారి మోకాలి సంగతి అడిగింది. అరగంట దాటాక బీరువా వెనక నుంచి కాటుక తనే వచ్చి ఆ అమ్మాయి చెప్పుల సంచి వాసన చూసింది. అప్పుడు నా పాత చీరలోనే చుట్టి, మొహం కప్పి, నా ఒళ్లోనే ఉంచి, వెనక కాలి నుంచి నెత్తురు తీసింది. నోరు తెరిచి చూసింది. మూడేళ్ల కిందటి పన్ను ఇప్పటికీ అలాగే పుచ్చి ఉంది. "ఇన్నాళ్లూ నొప్పితోనే తిందండి" అంది. నేనేం మాట్లాడలేకపోయాను.

రిపోర్టు కాకినాడ నుంచి మర్నాడొచ్చింది. మూత్రపిండాలే. ముసలి పిల్లుల్లో చాలావాటికి ఇదే వస్తుంది. నయం కాదు, నడిపించుకోవాలి. రోజు విడిచి రోజు వంద మిల్లీలీటర్ల సెలైన్ భుజాల మధ్య తోలు కింద ఎక్కించాలి. మూడేళ్ల కిందట అటెండరు పట్టుకున్న తోలే. నేను నేర్చుకున్నాను. మొదటిసారి చెయ్యి వణికి నీళ్లన్నీ చీర మీద పోయాయి. రెండోసారి చేపలావిడ పట్టుకుంది, దాని చెవి వెనక రాస్తూ ఏదో మాట్లాడుతూ.

సీసా వేలాడదియ్యడానికి ఎత్తులో ఏదైనా కావాలి. వెతికితే వంటింటి దూలానికి కొక్కెం ఒకటి ఉంది. మా అత్తగారి కాలంలో ఉట్టి కట్టేవారు దానికి, పాలూ వెన్నా పిల్లికి అందకుండా. తుప్పు గీకి, సీసా దానికే తగిలించాను. కాటుక దాని కింద పీట మీద కూర్చుంటుంది. పది నిమిషాలు పడుతుంది.